చెలమలో రోంత వాసన

పోయిన వారం ఇంటికి సున్నం కొట్టించడానికి మా ఊరు తిరుమణి వెళ్ళినప్పుడు వంటింటి గూట్లో, ఉప్పు జాడీ వెనక, అవ్వ టెంకాయ చిప్ప దొరికింది. లోపలంతా నల్లబడి నున్నగా అయిపోయింది. అంచు ఒకచోట విరిగింది. దాన్ని చేత్తో పట్టుకుని ఏం చేయాలో తెలియక వాకిట్లో నాలుగుసార్లు తిరిగాను. సున్నం కొట్టే ఆయన నిచ్చెన మీద నుంచే "ఏం పోగొట్టుకుంటివమ్మా?" అని అడిగాడు. పోగొట్టుకోలేదు, దొరికిందని చెప్పి మళ్ళీ తిరిగాను. నాకు కుదురు లేదని అవ్వ ఎప్పుడూ అనేది. "కుండకన్నా కుదురుంటాది, దీనికి ల్యా" అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. నిజమే. తింటూ తింటూ మధ్యలో లేస్తాను. మాట్లాడుతూ మాట్లాడుతూ వెళ్ళి చేతులు కడుక్కుని వస్తాను. కడుక్కున్నాక వేళ్ళు వాసన చూసుకుంటాను. ఈ అలవాటు పుట్టుకతో వచ్చింది కాదు. పంతొమ్మిదేళ్ళప్పుడు సోలార్ ప్లాంటులో నూనె ఎత్తే పనిలో అంటుకుంది.

అవ్వ పోయి ఏడాది దాటింది. ఈ చిప్పతో ఆమె చేసే పని ఒక్కటే. వానలు పడి, వాగులాంటి మా వంక పారి ఆగిపోయాక, ఇసుకలో చేత్తో గుంట తవ్వితే నీళ్ళు ఊరతాయి. దాన్నే మేము చెలమ అంటాము. మా దిబ్బచేని కింద వంకలో అలాంటి చెలమ ఒకటి ఉండేది. నేను తవ్వాలి, నీళ్ళు తేటపడేదాకా ఇద్దరం గట్టు మీద కూర్చోవాలి, అప్పుడు అవ్వ ఈ చిప్పతో ముంచి నోట పోసుకోవాలి. కాసేపు బుగ్గలో ఉంచి, పక్కకు ఊసి, ఏటేటా ఒకే మాట చెప్పేది. "ఇంకా రోంత వాసనుండాది పాపా. వచ్చే వానకు మళ్ళ చూస్తాము." రోంత అంటే కొంచెం. ఆ కొంచెం కోసం, వాన పడిందని ఫోన్ రాగానే నేను ఎక్కడున్నా బస్సెక్కి రావలసిందే. పని ఉందని, సెలవు లేదని చెప్పడానికి నాకు నోరు లేదు. ఆ చెలమలోకి వాసన పంపింది నేనే.

అమ్మానాన్నలు బెంగళూరులో కట్టడాల పనికి పోయారు కాబట్టి నేను అవ్వ దగ్గరే పెరిగాను. మా ఇంట్లో తెల్లవారడమంటే శెనక్కాయ పొట్టు పొగ వాసన. డబ్బా పొయ్యి మధ్యలో రోకలి నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి, రోకలి మెల్లగా పైకి లాగేసి, కింద రంధ్రంలోంచి అంటించేది అవ్వ. ఆ పొయ్యి మీద సంగటి ఉడికేలోపు పెరడు ఊడ్చి, గొడ్లకు మేత వేసి, నన్ను రెండుసార్లు తిట్టేది. నూనె మా కాయలదే. వై.ఎన్.హొసకోట మిల్లులో ఆడించి డబ్బాలో తెచ్చుకునేవాళ్ళం. ఎప్పుడైనా నా చేతిలో గిన్నె జారి నూనె ఒలికితే అవ్వ ముందు నా నెత్తిన ఒకటి మొట్టి, తర్వాత గుప్పెడు పొట్టు తెచ్చి దాని మీద చల్లేది. పొట్టు పీల్చుకున్నాక చీపురుతో ఎత్తి పొయ్యిలో వేసేది. నీళ్ళు మాత్రం తగలనిచ్చేది కాదు. "నూనె మింద నీళ్ళు పోస్తే ఇల్లంతా నూనే" అనేది. పదేళ్ళు ఈ మాట వింటూ పెరిగిన దాన్ని, తీరా ఆ రోజు నా బుద్ధి గడ్డి తిన్నది.

సోలార్ కంపెనీ వచ్చినప్పుడు ఊళ్ళో చాలామందిలాగే అవ్వ కూడా దిబ్బచేను గుత్తకిచ్చింది. వానలు మోసం చేసి చేసి మనుషులు విసిగిపోయిన కాలం అది. వేలిముద్ర వేసి వచ్చిన సాయంత్రం అవ్వ ఏమీ తినలేదు. కంచె వేశాక అటువైపు మళ్ళీ కాలు పెట్టలేదు, గేటు ముందు నుంచి పోవలసి వచ్చినా తల తిప్పుకుని పోయేది. నేను మాత్రం పీయూసీ అయిపోగానే అదే కంచె లోపల సోలార్ పలకలు కడిగే పనికి చేరాను. మేము ఆరుగురం ఆడవాళ్ళం. చీరల మీద మగవాళ్ళ చొక్కాలు తొడుక్కుని, ముఖానికి గుడ్డ చుట్టుకుని, పొడవాటి కర్రలకు కట్టిన తుడుపుగుడ్డలతో తెల్లవారక ముందే వెళ్ళేవాళ్ళం. పొద్దెక్కితే అద్దం కాగుతుంది, కాగిన అద్దం మీద చల్లనీళ్ళు పడితే పగులుతుంది. ట్రాక్టరు వెనక నీళ్ళ ట్యాంకరు, ట్యాంకరుకు పైపు. మాలో పెద్దది పక్కింటి ఓబులక్క. సూపర్వైజరు శివణ్ణ దావణగెరె వైపు మనిషి, అచ్చ కన్నడం, తెలుగు ఒక్క ముక్క రాదు. మా వాళ్ళందరికీ కన్నడం వచ్చినా, ఇంగ్లీషు కలిపి గబగబా మాట్లాడితే నా ముఖం చూసేవాళ్ళు. చదువుకున్నదాన్ని కదా, నేను తిప్పి చెప్పేదాన్ని. దానికి నాకు పొగరుండేది. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు, చాలా పొగరుండేది.

శెనక్కాయ ఇళ్ళకు చేరిన రోజులు. ఆ ఉదయం శివణ్ణ మోటారు సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. మూడో బ్లాకులో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి రాత్రంతా ఆయిల్ కారిపోయిందట, మధ్యాహ్నం పెద్దవాళ్ళు వస్తున్నారట. "బేగ క్లీన్ మాడ్రి, ఎల్లా క్లీన్ మాడ్రి" అని బండి దిగకుండానే అరిచి, మెకానిక్కుల కోసం వెళ్ళిపోయాడు. త్వరగా అంతా క్లీన్ చేయమని, అంతే అతను చెప్పింది. మూడో బ్లాకంటే మా దిబ్బచేనే. వెళ్ళి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ కింద కంకర తడిసి మెరుస్తోంది. చుట్టూ కట్టిన చిన్న సిమెంటు గోడ ఒక మూల పగిలి, నూనె బయటికి వచ్చి, ఎర్రమట్టి మీద చాప పరిచినంత మేర నల్లగా నిలిచి ఉంది. కిరోసిన్‌కూ కాలిన ఇనుముకూ మధ్యలో ఏదో వాసన. ఓబులక్క అప్పటికే వేలు ముంచి మోకాలికి రాసుకుంటోంది, కీళ్ళ నొప్పులకు ఇది మంచి మందని ఊళ్ళో అందరి నమ్మకం. నేను పైపు అందుకుని, "కడగాలంటక్కా" అన్నాను.

"నూనెను నీళ్ళతో కడుగుతారా మే యాడన్నా?" అన్నది ఓబులక్క.

"ఆయప్పే చెప్పినాడు గదా. క్లీన్ అంటే మనకేంది? కడిగేదే గదా?"

మా పనిలో ఆ మాటకు ఇంకో అర్థం లేదు. రోజూ పొద్దున "క్లీన్" అంటే పైపు తిప్పడం, సాయంత్రం "క్లీన్ ఆయ్తా" అంటే కడగడం అయ్యిందా అని. ఏడాదిగా ఆ మాట చెవిన పడగానే నా చెయ్యి ట్యాంకరు మీదికి పోతుంది. ఆ రోజు కూడా పోయింది. అవ్వ మొట్టికాయలన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు. నేనే వాల్వు తిప్పాను, అదీ పూర్తిగా.

చాపంత ఉన్న నూనె లేచింది. నీళ్ళ మీదికెక్కి, రంగులు తిరుగుతూ, పలకల వరుసల కిందుగా కంచె వైపు పరిగెత్తింది. మేము తుడుపుగుడ్డలు అడ్డం పెట్టాము, మట్టి తోశాము, కాళ్ళు అడ్డం పెట్టాము. ఓబులక్క వెనక్కి ఉరికి వాల్వు కట్టేసేలోపు ట్యాంకరు సగం ఖాళీ అయ్యింది, నూనె కంచె దాటింది. తిరిగి వచ్చిన శివణ్ణ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఫోన్‌లో ప్లాను తీసి చూసి, కాలువ తూర్పు వైపు గుంటలోకి పోతుందని, అక్కడే నిలబడిపోతుందని కన్నడంలో మాకు ధైర్యం చెప్పాడు. కానీ నూనె తూర్పుకు పోవడం లేదు, మా కళ్ళ ముందే దక్షిణానికి తిరుగుతోంది. దక్షిణాన వంక ఉంది, వంకలో చెలమ ఉంది, పొద్దెక్కేసరికి కాటమయ్య మామ గొర్రెలు తాగడానికి వచ్చేది అక్కడికే. అప్పుడు నా కాళ్ళు నాకు చెప్పకుండానే ఇంటికి పరిగెత్తాయి.

అవ్వ వాకిట్లో విత్తనానికి మంచి కాయలు ఏరుతోంది. నేను ఏడుస్తూ ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. ఆమె అడిగింది మాత్రం గుర్తుంది.

"ముందు నీళ్ళు ఆపినారా, ల్యా?"

"ఆపినామవ్వా."

"ఇంట్లో పొట్టు సంచులుండాయి. ఓబులమ్మ ఇంట్లో గూడ ఉండాయి. ట్రాక్టరు పిలువు, బిన్నా రమ్మను!"

పొయ్యికని ఏడాదికి సరిపడా దాచుకున్న పొట్టు అది. ట్యాంకరు ఊడదీసి అదే ట్రాక్టరుకు ట్రైలరు తగిలించి, సంచులన్నీ ఎత్తి, పైన అవ్వను కూర్చోబెట్టాము. గేటు దగ్గర కాపలా మనిషి ఆపాడు. గుర్తింపు కార్డు లేనిదే, టోపీ లేనిదే లోపలికి పంపనన్నాడు. అవ్వ కిందికి దిగలేదు. "ఇది నా చేనప్పా. టోపీ కావాలంటే నువ్వే తెచ్చి పెట్టు" అన్నది. అతను నిజంగానే ఒక పసుపుపచ్చ హెల్మెట్ తెచ్చి పెట్టాడు. అది ఆమె చెవుల మీదికి జారింది. అంత ఆందోళనలోనూ ఓబులక్క పక్కకు తిరిగి నవ్వడం చూశాను, నాకు నవ్వు రాలేదు.

లోపలికి వచ్చాక అవ్వకు ఏమీ ఆనవాలు దొరకలేదు. గట్లు లేవు, దిబ్బను చదును చేసేశారు, రేగుచెట్టు లేదు. ఎటు చూసినా ఒకే రకం వరుసలు. కాసేపు నిలబడి అటూ ఇటూ చూసింది. ఆ కాసేపట్లో ఆమె ముఖం చూడలేక నేను తల దించుకున్నాను. తర్వాత చెప్పులు విడిచింది. వట్టి కాళ్ళతో వరుసల మధ్య నడుస్తూ, ఆగుతూ, మడమతో నేల నొక్కుతూ పోయింది. "పైన ఎంత సదును చేసినా, వాలు యాడికి పోతాది? కాళ్ళకు తెలుస్తాదిలే" అంటూ కంచె దగ్గర ఒకచోట నిలబడింది. "ఇదే మన మరవ. గట్టుండేటప్పుడు నీళ్ళు బయటికి పొయ్యేది ఈడనే. ఈడ కట్టండి." శివణ్ణ ఫోన్‌లో ప్లాను చూసుకుంటూ అక్కడేమీ లేదన్నాడు. ఓబులక్క పారతో గీస్తే అడుగున పాత రాళ్ళ వరుస తగిలింది. అతను ఫోన్ జేబులో పెట్టుకుని తానే ఒక సంచి ఎత్తాడు.

ఆ రాళ్ళ మీద మట్టి పోసి, గోనెలు పరిచి, మోకాలెత్తు పొట్టు కట్ట వేశాము. పొట్టు నూనె తాగి నల్లబడి బరువెక్కేది. గంపలతో ఎత్తి గోనెల్లో పోసి, మళ్ళీ కొత్త పొట్టు పోసేవాళ్ళం. చేతి తొడుగులు ఆరుగురికి నాలుగు జతలే ఉన్నాయి. నేను వేసుకోలేదు, ఎవరూ చెప్పలేదు, నేనే వేసుకోలేదు. వెనక వస్తున్నదంతా ఆ కట్ట దగ్గర ఆగింది. కానీ ముందే దాటిపోయిన నూనె సంగతి అవ్వ మరిచిపోలేదు. నా చెయ్యి పట్టుకుని గేటు బయటికి, అక్కడి నుంచి వంకలోకి లాక్కుపోయింది. చెలమ నీళ్ళ మీద సన్నగా రంగుల పొర. అంత అందమైన రంగులు నేను మళ్ళీ చూడలేదు, చూడాలనీ లేదు. అప్పటికే పై గట్టు మీద గొర్రెల గంటలు వినబడుతున్నాయి.

"కాటమయ్యా, తోలొద్దు! నీళ్ళు చెడినాయి!" అని అవ్వ కేక వేసింది. నీళ్ళ వాసన పట్టిన గొర్రెలు ఎక్కడ ఆగుతాయి? అవి దిగుతూనే ఉన్నాయి. మామ కర్ర అడ్డం పెట్టి, గొంతు పోయేలా అరుస్తుంటే, అవ్వా నేనూ మోకాళ్ళ మీద కూర్చుని ఇసుక చెలమలోకి తోశాము. రెండు చేతులతో తోశాము. ఆ చెలమ ప్రతి ఏడూ మా ఇంటి వాళ్ళు తవ్వుతూ వచ్చినది. దాన్ని మేమే పూడ్చాము. గొర్రెలు వచ్చి తడి ఇసుకను మూతులతో పొడిచి, అరిచి, కదలకుండా నిలబడ్డాయి. ఆ ఎండలో మామ వాటిని దూరాన బోరు తొట్టి దాకా తోలుకుపోయాడు.  

మధ్యాహ్నం పెద్దవాళ్ళు వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు, తెల్ల హెల్మెట్లు. అంతా చూసి, ఫొటోలు తీసుకుని, వాళ్ళలో ఒకాయన "నీరు బిట్టిద్దు యారు?" అని అడిగాడు. నీళ్ళు వదిలింది ఎవరని. శివణ్ణ మా వైపు చూశాడు. మిగిలిన ఐదుగురు నేల చూశారు. నేనూ నేలే చూశాను. ఆ ఉద్యోగం పోతే మళ్ళీ పొలంలేని ఇంట్లో కూర్చోవాలన్న భయం ఒకటి, చదువుకున్నది ఇంత పని చేసిందంటారన్న సిగ్గు ఒకటి. అప్పుడు పసుపు హెల్మెట్ ముందుకు వచ్చింది.

"నేనే తిప్పినాప్పా" అన్నది అవ్వ. ఆయనకు అర్థం కావాలని కన్నడంలో మళ్ళీ చెప్పి, చివరి ముక్క మాత్రం తెలుగులోనే అన్నది. "ఏం చేస్తావు? నా చేనులోనుంచి నన్ను తీసేస్తావా?"

ఆమె వచ్చింది నీళ్ళు ఆగిన తర్వాతేనని అక్కడ అందరికీ తెలుసు. గేటు పుస్తకంలో ఆమె లోపలికి వచ్చిన వేళ పక్కన వేలిముద్ర కూడా ఉంది. అయినా ఒకాయన దగ్గి, వేరే విషయం ఎత్తాడు.

ఇంటికి వచ్చాక మాత్రం అవ్వ నన్ను వదల్లేదు. పొట్టు లేని పొయ్యి ముందు కూర్చుని, పుల్లలతో సంగటి వండి, నా ముందు పెట్టి, అప్పుడు చెప్పింది. "ఆయప్పకు నేను చెప్పినాను. చెలమకు నువ్వు చెప్పుకోవాల. వాన పడినప్పుడంతా నువ్వే వచ్చి తవ్వాల. వాసన పొయ్యేదాకా." ఆ తర్వాత పది రోజులు అదే చేనిలో నూనె తగిలిన మట్టి గీసి గోనెలకు ఎత్తాము. లారీలు వచ్చి తీసుకుపోయాయి. ఏ రాత్రీ నా చేతుల వాసన పోలేదు. చింతపండుతో రుద్దాను, బూడిదతో రుద్దాను, సీకాయతో రుద్దాను. ముక్కులోనే ఉండిపోయిందేమో మరి.

ఇప్పుడు నేను పావగడలో ఉంటున్నాను. ప్లాంట్లలో కొత్తగా పనికి చేరేవాళ్ళకు జాగ్రత్తలు చెప్పడమే నా ఉద్యోగం. అందరికీ తొడుగులున్నాయి, నూనె పీల్చే ప్రత్యేకమైన దిండ్లున్నాయి, గోడకు నాలుగు భాషల్లో బొమ్మలున్నాయి. మొదటి రోజు అందరినీ నిలబెట్టి, "క్లీన్ అంటే ఏంది?" అని అడుగుతాను. కడిగేదే కదా మేడం, అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు నేను ఒక చోట నిలబడి చెప్పలేను, గదిలో ఇటూ అటూ తిరుగుతూ చెబుతాను. ఇంత సరంజామా ఉన్నా, వట్టి కాళ్ళతో నేల వాలు చెప్పగలిగిన మనిషి మాత్రం ఆ గోడల మీద లేదు. ఉద్యోగంలో పెద్దదాన్నయ్యాను, అవ్వ అడిగిన పనిలో మాత్రం పంతొమ్మిదేళ్ళ దగ్గరే ఉన్నాను. తవ్వడం నా వంతు, రుచి చూడడం ఆమె వంతు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ నీళ్ళు నేను నోట పోసుకోలేదు. నా ముక్కు మీద నాకు నమ్మకం లేదు, నోటికి ధైర్యం లేదు.

చిప్ప పట్టుకుని వాకిట్లో తిరిగి తిరిగి, చివరికి వంకకు వెళ్ళాను. రెండు రోజుల ముందు వాన పడి వంక పారి ఆగింది. గట్టు ఎక్కేసరికి గంటలు వినబడ్డాయి. కాటమయ్య మామ గొర్రెలు, సరిగ్గా ఆ చోటనే, తవ్విన చెలమ చుట్టూ మూగి నీళ్ళు తాగుతున్నాయి. 

"మామా, ఏం చేస్తాండావు? ఆ నీళ్ళకు వాసనుండాది!"

మామ నన్ను వింతగా చూశాడు. "వాసనా? యాడ వాసనమ్మా? నాలుగేండ్లాయ గదా, మీ అవ్వనే తాగి చూసి, తోలుకోప్పా అన్నింది. నువ్వొచ్చే పొద్దు మాత్రం ఇటు తోలొద్దనేది. ఏటికో నాకు తెల్దు."

గొర్రెలు పోయేదాకా గట్టు మీద కూర్చున్నాను. ముందు కోపం వచ్చింది. అవ్వ పోయేదాకా దాదాపు మూడేళ్ళు, ఎన్ని సెలవులు, ఎన్ని బస్సులు, ఎన్నిసార్లు ఆ ఇసుక తవ్వి నేరస్థురాలిలా ఆమె ముఖంలోకి చూశాను! తర్వాత నేను వచ్చే రోజుల్లో ఆమె వండిపెట్టే అలసంద చారు గుర్తొచ్చింది. తవ్వి వచ్చాక నా చేతులు తన కొంగుతో తుడవడం గుర్తొచ్చింది. వాసన పోయిందని చెబితే నేను మళ్ళీ రానని అనుకుందా? అనుకుని ఉంటే తప్పేం లేదు. నా సంగతి ఆమెకు తెలియనిది కాదు. గట్టు మీద ఒక్కదాన్నే గట్టిగా ఏడ్చాను. ఏడ్చి, దిగి, చిప్పతో ముంచి, మొదటిసారి ఆ నీళ్ళు నోట పోసుకున్నాను. చల్లగా ఉన్నాయి. ఇసుక రుచి, కాస్త తీపి, ఇంకేమీ లేదు. ఊయకుండా మింగి, మరో చిప్పెడు తాగాను.

ఇంటికి వచ్చేసరికి ఓబులక్క వాళ్ళ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఆమె మోకాళ్ళు ఇప్పుడు ఏ మందుకూ లొంగడం లేదు. నా చేతిలో చిప్ప చూసి, "పొయ్యొస్తివా? ఎట్లుండాయి నీళ్ళు?" అని అడిగింది.

"ఇంకా రోంత వాసనుండాదక్కా" అన్నాను. "వచ్చే వానకు మళ్ళ వచ్చి చూడాల."

ఓబులక్క నా ముఖం ఒక్క క్షణం చూసి, పక్కకు జరిగి, కూర్చోమని అరుగు మీద చేత్తో తట్టింది.

"అవునవును" అన్నది. "మీ అవ్వకు గూడ అట్లనే ఉన్నింది."